పెన్‌డ్రైవ్ పెట్టినా టాబ్లెట్ పలకడం లేదంటే: పాత మెషీన్లలో లైనక్స్ వేయడం గురించి

మీరు అడిగింది ఇదీ. ఇంట్లో మూడు మెషీన్లు మూలన పడి ఉన్నాయి. ఒకటి 2011 నాటి ల్యాప్‌టాప్: రెండో తరం కోర్ ఐ3, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్‌డిస్క్. విండోస్ 10 తెరుచుకునేసరికి ఐదు నిమిషాలు పడుతోంది. రెండోది 2014లో కొన్న విండోస్ టాబ్లెట్, కీబోర్డ్ ఊడదీసే రకం: ఆటమ్ జడ్3735ఎఫ్ ప్రాసెసర్, 2 జీబీ ర్యామ్, 32 జీబీ స్టోరేజ్. మూడోది ఒక చవక ఆండ్రాయిడ్ టాబ్లెట్. మూడింట్లోనూ లైనక్స్ వేసి పిల్లలకి చదువుకోడానికి, టైపింగ్‌కి, వీడియో పాఠాలకి ఇద్దామని మీ ఆలోచన. ఉబుంటు పెన్‌డ్రైవ్ ల్యాప్‌టాప్‌లో బూట్ అయింది గానీ టాబ్లెట్ మాత్రం దాన్ని గుర్తించనే లేదు. "మూడింటికీ సరిపోయే డిస్ట్రో ఏది?" అని అడిగారు. (డిస్ట్రో అంటే ఉబుంటు, డెబియన్, మింట్ లాంటి ఒక్కో లైనక్స్ కూర్పు.)

డిస్ట్రో సంగతి చివర్లో చెప్తాను. ఇలాంటి మెషీన్ల విషయంలో అది నిజంగానే చివరి ప్రశ్న. ముందు చూడాల్సింది మెషీన్‌ని: అది ఎలా బూట్ అవుతుంది, డిస్క్ ఏ రకం, ర్యామ్ ఎంత, లోపలున్న చిప్‌లకి లైనక్స్‌లో డ్రైవర్లు (వాటిని నడిపే ప్రోగ్రామ్‌లు) ఉన్నాయా లేదా. ఈ నాలుగూ తేలితే ఏ డిస్ట్రో అయినా దాదాపు ఒకేలా నడుస్తుంది. ఇవి తేలకుండా పది డిస్ట్రోలు మార్చి మార్చి వేసి, "లైనక్స్ పనికిరాదు" అని వదిలేసినవాళ్లని చాలామందిని చూశాను. నాకు బాధ కలిగించేది అదే, ఎందుకంటే వాళ్లలో సగం మందికి అడ్డుపడింది ఒక్క చిన్న ఫైలో, అరిగిపోయిన హార్డ్‌డిస్కో అయి ఉంటుంది.

మీ మూడింట్లో ల్యాప్‌టాప్ దాదాపు ఖాయంగా బాగుపడుతుంది. విండోస్ టాబ్లెట్ ఓపిక పడితే పనికొస్తుంది, కానీ అన్నీ పనిచేస్తాయని ఆశ పెట్టుకోకండి. ఆండ్రాయిడ్ టాబ్లెట్‌ని దాని మానాన వదిలేయమంటాను. కారణాలు ఒక్కొక్కటిగా చెప్తాను.

ల్యాప్‌టాప్‌తో మొదలుపెడదాం. ఐదు నిమిషాల బూట్‌కి ప్రాసెసర్ కారణం కాదు. రెండో తరం కోర్ ఐ3 ఈ రోజుకీ ఇంటి పనులకి చాలు. అసలు ఆలస్యం హార్డ్‌డిస్క్‌ది. పాత ల్యాప్‌టాప్ డిస్కులు ఎక్కువగా నిమిషానికి 5400 చుట్లు తిరిగేవి, అంటే ఒక్కో చుట్టుకి 11 మిల్లీసెకన్లు. ఒక ఫైల్ చదవాలంటే హెడ్ ముందు సరైన ట్రాక్ మీదికి జరగాలి, తర్వాత కావలసిన భాగం తిరిగి తిరిగి దాని కిందికి రావాలి. రెండూ కలిపి చూస్తే అలాంటి డిస్క్ సెకనుకి వంద చోట్ల నుంచి కూడా చదవలేదు. సిస్టమ్ మొదలవడం అంటే వేల చిన్న ఫైళ్లు చదవడం, అవి డిస్క్ మీద ఎక్కడెక్కడో చెల్లాచెదురుగా ఉంటాయి. ఎస్ఎస్‌డీలో తిరిగే భాగమే లేదు కాబట్టి, చవక రకం కూడా సెకనుకి వేల చోట్ల నుంచి తెచ్చిస్తుంది. అందుకే మీరు ఈ ల్యాప్‌టాప్ మీద ఒక్కటే ఖర్చు పెట్టగలిగితే అది 2.5 అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ మీద పెట్టండి. 120 జీబీది కూడా సరిపోతుంది. కొత్త ఎస్ఎస్‌డీలు 7 మిల్లీమీటర్ల మందం, పాత డిస్కులు చాలావరకు 9.5. ఖాళీ ఉండి కదులుతుంటే చిన్న స్పేసర్ పెట్టి స్క్రూలు బిగిస్తే చాలు.

రెండో ఖర్చు ర్యామ్. 4 జీబీతో పని నడుస్తుంది, 8 ఉంటే బ్రౌజర్‌లో పది ట్యాబ్‌లు తెరిచినా టెన్షన్ ఉండదు. కొనేముందు వెనక మూత తీసి, ఉన్న స్టిక్ మీద ఏం రాసి ఉందో చదవండి. 2011 నాటివి మామూలుగా డీడీఆర్3, 1.5 వోల్టులది. ఆ తర్వాతి కొన్ని మోడళ్లు 1.35 వోల్టుల డీడీఆర్3ఎల్ మాత్రమే ఒప్పుకుంటాయి, వాటిలో పాత రకం పెడితే తెర వెలగదు. డీడీఆర్3ఎల్ స్టిక్‌లు మామూలుగా 1.5 వోల్టుల దగ్గర కూడా నడుస్తాయి కాబట్టి, అనుమానంగా ఉంటే ఆ రకం తీసుకోవడం మేలు.

మూత ఎలాగూ తీస్తున్నారు కాబట్టి ఫ్యాన్ దగ్గర పేరుకున్న దుమ్ము కూడా దులపండి. పదేళ్లు దాటిన మెషీన్‌లో ప్రాసెసర్ మీది థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉంటుంది. వేడెక్కితే ప్రాసెసర్ తన వేగం తానే తగ్గించుకుంటుంది. అప్పుడు ఏ ఓఎస్ వేసినా స్లోగానే అనిపిస్తుంది. బ్యాటరీ ఉబ్బినట్టు కనిపిస్తే మాత్రం వెంటనే తీసి పక్కన పెట్టండి. అడాప్టర్‌తోనే వాడుకోవచ్చు. ఉబ్బిన బ్యాటరీని నొక్కడం, గుచ్చడం, మళ్లీ ఛార్జింగ్ పెట్టడం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

ఇక్కడ ఒక చిన్న విషయం చెప్పాలి, ఎందుకంటే దీని వల్ల నేను రెండు రోజులు పోగొట్టుకున్నాను. ఒక పాత ల్యాప్‌టాప్‌లో లైనక్స్ వేశాను, అంతా బాగుంది, కానీ ఏ వెబ్‌సైట్ తెరిచినా "ఈ కనెక్షన్ సురక్షితం కాదు" అని వస్తుంది, అప్‌డేట్లు కూడా దిగవు. వైఫై డ్రైవర్ అనుకుని ఇన్‌స్టాల్ మళ్లీ చేశాను, రెండోసారీ అంతే. చివరికి చూస్తే మెషీన్ గడియారం 2009లో ఉంది. మదర్‌బోర్డ్ మీద బిళ్లలా ఉండే సీమాస్ బ్యాటరీ అయిపోయింది. కరెంట్ తీసిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోతోంది. సైట్ల సర్టిఫికెట్లకి మొదలు తేదీ, చివరి తేదీ ఉంటాయి కాబట్టి, 2009లో ఉన్న మెషీన్ దృష్టిలో ఇప్పటి సర్టిఫికెట్ ఏదీ ఇంకా మొదలే కాలేదు. అప్‌డేట్ల జాబితా కూడా "ఇంకా చెల్లుబాటు కాలేదు" అని తిరగ్గొడుతుంది. చాలా మెషీన్లలో ఆ బిళ్ల సీఆర్2032, 3 వోల్టులది. వైఫై కనెక్ట్ అయి కూడా ఏదీ తెరుచుకోకపోతే ముందు తేదీ చూడండి.

ఇన్‌స్టాల్ చేసేముందు పెన్‌డ్రైవ్ నుంచే లైవ్‌లో, అంటే డిస్క్‌లో ఏమీ వేయకుండా, ఒక గంట వాడి చూడండి. నేను ప్రతిసారీ చూసేవి: వైఫై 2.4 జీహెచ్‌జడ్‌లోనూ, కార్డుకి ఉంటే ఐదులోనూ దొరుకుతోందా, స్పీకర్ నుంచి, ఇయర్‌ఫోన్ నుంచి రెండిట్లోనూ శబ్దం వస్తోందా, బ్రైట్‌నెస్ బటన్లు పనిచేస్తున్నాయా, మూత మూసి తెరిస్తే మళ్లీ లేస్తోందా. ఈ ఆఖరిది చాలామంది చూడరు, ఇన్‌స్టాల్ అయ్యాక దాంతోనే ఎక్కువ విసుగు పడతారు. పాత డిస్క్‌నే ఉంచుకుంటున్నట్టయితే అది తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే స్మార్ట్ రిపోర్ట్ చూడండి, డిస్క్స్ అనే ప్రోగ్రామ్‌లో ఉంటుంది. రీఅలొకేటెడ్ సెక్టార్లు, పెండింగ్ సెక్టార్లు అనే రెండు వరుసల్లో సున్నా కాకుండా పెరుగుతున్న అంకె కనిపిస్తే ఆ డిస్క్ మీద నమ్మకం పెట్టుకోకండి, అందులోని ఫోటోలు ఆ రోజే వేరేచోటికి మార్చండి.

ప్రాసెసర్లలో పాత 32-బిట్, కొత్త 64-బిట్ అని రెండు రకాలు, 32-బిట్‌వాటికి లైనక్స్ దొరకడం తగ్గిపోతోంది. మీ ఐ3 64-బిట్‌దే కాబట్టి ఆ దిగులు లేదు. కానీ ఇంతకన్నా పాత ల్యాప్‌టాప్ ఎవరి దగ్గరైనా ఉంటే ఇది తెలుసుకోవాలి. పేర్లు మోసం చేస్తాయి. కోర్ 2 డుయో 64-బిట్, దానికి కాస్త ముందు వచ్చిన కోర్ డుయో 32-బిట్ మాత్రమే. చిన్న నెట్‌బుక్‌లలో ఎక్కువగా వాడిన ఆటమ్ ఎన్270 కూడా 32-బిట్టే, 2010లో వచ్చిన ఎన్450 మాత్రం 64-బిట్. అలాగే లోపలున్న విండోస్ 32-బిట్ అయినంత మాత్రాన ప్రాసెసర్ 32-బిట్ అని అర్థం కాదు. లైవ్‌లో టెర్మినల్ తెరిచి ఎల్ఎస్‌సీపీయూ (lscpu) కమాండ్ ఇస్తే పైన రెండు మూడు వరుసల్లోనే సమాధానం కనిపిస్తుంది.

32-బిట్ మెషీన్లకి దారులు మూసుకుపోతున్నాయి. ఉబుంటు కుటుంబంలో చివరి 32-బిట్ ఇమేజ్‌లు (పెన్‌డ్రైవ్ మీద రాసే ఇన్‌స్టాల్ ఫైళ్లు) 2018తో ఆగిపోయాయి. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13కి 32-బిట్ ఇన్‌స్టాలర్ లేదు, కాబట్టి అటువైపు డెబియన్ 12 ఆఖరిది. గూగుల్ క్రోమ్ 2016లోనే 32-బిట్ లైనక్స్‌ని వదిలేసింది, ఫైర్‌ఫాక్స్ 2025లో 145వ వెర్షన్‌తో వదిలేసింది. పనిచేసే మెషీన్‌ని పారేయమని చెప్పడం నాకు ఇష్టం లేదు, కానీ అలాంటి దాన్ని ఇంటర్నెట్ కోసం కాకుండా టైపింగ్‌కి, పాటలకి, ఆఫ్‌లైన్ చదువుకి వాడుకోమంటాను.

వైఫై గురించి ఒక్క మాట. 2022లో డెబియన్ వాళ్లు ఓటింగ్ పెట్టి, 12వ వెర్షన్ నుంచి ఫర్మ్‌వేర్ (చిప్ లోపల నడిచే ప్రోగ్రామ్) ఫైళ్లని అధికారిక ఇన్‌స్టాలర్‌లోనే చేర్చారు. దాంతో ఇంటెల్, రియల్‌టెక్, ఎథరోస్ కార్డులు ఎక్కువగా వాటంతట అవే పనిచేస్తాయి. పాత బ్రాడ్‌కామ్ కార్డులు కొన్ని ఇంకా విడిగా డ్రైవర్ అడుగుతాయి, ఆ డ్రైవర్ దించుకోడానికి మళ్లీ ఇంటర్నెట్ కావాలి. అప్పుడు ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. ఇన్‌స్టాలర్‌కి అది మామూలు నెట్‌వర్క్ కార్డులాగే కనిపిస్తుంది. ఎన్ని పాత మెషీన్లు ఈ ఒక్క ఉపాయంతో గట్టెక్కాయో లెక్కలేదు.

ఇప్పుడు మీ టాబ్లెట్. పెన్‌డ్రైవ్‌ని అది ఎందుకు గుర్తించలేదో అర్థమైతే సగం పని అయినట్టే. జడ్3735ఎఫ్ అనేది ఇంటెల్ బే ట్రెయిల్ తరం చిప్. ప్రాసెసర్ 64-బిట్. కానీ ఆ తరం టాబ్లెట్లలో 32-బిట్ విండోస్ పెట్టి అమ్మారు, దానికి తగ్గట్టు లోపలి యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్‌ని (ఆన్ చేయగానే మొదట లేచి ఓఎస్‌ని వెతికే ప్రోగ్రామ్‌ని) కూడా 32-బిట్‌దే పెట్టారు. పాత బయోస్ పద్ధతి వాటిలో అసలు ఉండదు. యూఈఎఫ్ఐ పెన్‌డ్రైవ్‌లో తన రకం బూట్ ఫైల్ కోసం మాత్రమే వెతుకుతుంది. 64-బిట్ ఫర్మ్‌వేర్ అయితే బూట్ఎక్స్64 అనే ఫైల్ కోసం, 32-బిట్ అయితే బూట్ఐఏ32 అనే ఫైల్ కోసం. మీ పెన్‌డ్రైవ్‌లో మొదటిది ఉంది, రెండోది లేదు. అందుకే టాబ్లెట్ దృష్టిలో ఆ పెన్‌డ్రైవ్ ఖాళీ. పెన్‌డ్రైవ్ పాడవలేదు, రాయడంలో మీరు తప్పూ చేయలేదు. 2006, 2007ల నాటి కోర్ 2 డుయో మ్యాక్‌బుక్‌లలో కూడా ఇలాంటి సమస్యే ఉండేది.

64-బిట్ కెర్నల్ (లైనక్స్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) 32-బిట్ యూఈఎఫ్ఐ మీద నడవగలిగే మిక్స్‌డ్ మోడ్ 2014లో 3.15 కెర్నల్‌తో వచ్చింది. డెబియన్ 8 నుంచి 32-బిట్, 64-బిట్ రెండూ కలిపిన ప్రత్యేక ఇమేజ్‌లో దీనికి ఏర్పాటు ఉండేది, 12 నుంచి మామూలు 64-బిట్ ఇన్‌స్టాలర్‌లోనే పెట్టారు. ఫెడోరా 27 నుంచి ఈ సౌకర్యం ఇచ్చింది. కాబట్టి మీ టాబ్లెట్‌కి డెబియన్ నెట్ ఇన్‌స్టాల్ ఇమేజ్‌తో (మిగతాది ఇంటర్నెట్ నుంచి దించుకునే చిన్న ఇమేజ్) మొదలుపెట్టండి. 32-బిట్ డిస్ట్రో వెతుక్కోవాల్సిన పని లేదు, ప్రాసెసర్ 64-బిట్ కాబట్టి 64-బిట్‌దే వేయండి.

కానీ విండోస్ తీసేయకముందు చేయాల్సిన పని ఒకటుంది, ఇది మాత్రం దాటవేయకండి. ఇలాంటి చవక టాబ్లెట్లలో చాలావాటికి సైలీడ్ అనే కంపెనీ టచ్ చిప్ ఉంటుంది. ఆ చిప్‌లో సొంత మెమరీలో ప్రోగ్రామ్ ఉండదు. బూట్ అయిన ప్రతిసారీ డ్రైవర్ దానికి ఒక ఫర్మ్‌వేర్ ఫైల్ ఎక్కించాలి. ఆ ఫైల్ ఒక్కో టాబ్లెట్ మోడల్‌కి ఒక్కో రకంగా ఉంటుంది, ఎందుకంటే తెర సైజు, టచ్ గీతల అమరిక అందులోనే ఉంటాయి. మీ మోడల్‌కి సరిపోయే ఫైల్ మీ విండోస్ డ్రైవర్ల ఫోల్డర్‌లోనే ఉంది. నేను మొదటిసారి చేసిన టాబ్లెట్‌లో ఇది తెలియక విండోస్ మొత్తం ఫార్మాట్ కొట్టేశాను. తర్వాత నెలల తరబడి ఆ టాబ్లెట్‌ని మౌస్ పెట్టి వాడాల్సి వచ్చింది. అదే మోడల్ ఉన్న మరొకాయన ఫైల్ పంపాకే తెర వేలికి పలికింది. కాబట్టి విండోస్ ఉండగానే సిస్టమ్32 లోపలి డ్రైవర్స్, డ్రైవర్‌స్టోర్ ఫోల్డర్లు రెండూ కాపీ చేసి పెట్టుకోండి. వీలైతే క్లోన్‌జిల్లా అనే ప్రోగ్రామ్‌తో మొత్తం స్టోరేజ్‌ని ఒక బయటి డిస్క్ మీదికి అచ్చు నకలు తీయండి. 32 జీబీయే కాబట్టి పెద్ద పని కాదు. విండోస్ లైసెన్స్ కీ గురించి భయం వద్దు, విండోస్ 8 కాలం నుంచి టాబ్లెట్లలో అది ఫర్మ్‌వేర్‌లోనే ఉంటుంది.

ఇక పరికరాలు. ఆ టాబ్లెట్‌కి బహుశా ఒకే మైక్రో యూఎస్‌బీ పిన్ ఉంటుంది, ఛార్జింగ్‌కీ పెన్‌డ్రైవ్‌కీ అదే. పెన్‌డ్రైవ్, కీబోర్డ్, మౌస్ మూడూ ఒకేసారి కావాలి కాబట్టి ఓటీజీ కేబుల్, దానికి విడిగా కరెంట్ ఇచ్చే హబ్ తీసుకోండి. కరెంట్ లేని హబ్‌తో మధ్యలో పెన్‌డ్రైవ్ ఊడినట్టు అవుతుంది. మొదలుపెట్టేముందు బ్యాటరీ నిండుగా ఛార్జ్ చేయండి, హబ్ పెట్టాక ఛార్జింగ్ ఎక్కకపోవచ్చు. బూట్ మెనూలోకి వెళ్లే బటన్ దొరక్కపోతే విండోస్‌లోంచే షిఫ్ట్ నొక్కిపట్టి రీస్టార్ట్ కొట్టండి, అక్కడి ట్రబుల్‌షూట్ దారిలో యూఈఎఫ్ఐ సెట్టింగ్స్ వస్తాయి.

ఇన్‌స్టాలర్‌లో స్టోరేజ్ ఎంచుకునేటప్పుడు జాగ్రత్త. లోపలి స్టోరేజ్ చిప్ అయిన ఈఎంఎంసీ, ఎంఎంసీబీఎల్‌కే (mmcblk) అనే పేరుతో కనిపిస్తుంది. దాని పక్కనే చివర బూట్0, బూట్1 అని ఉన్న, కొన్ని ఎంబీల చిన్న డిస్కులు రెండు కనిపిస్తాయి. వాటి జోలికి వెళ్లకండి. డ్యూయల్ బూట్ ఆలోచన కూడా వదిలేయండి, 32 జీబీలో రెండు ఓఎస్‌లు పెడితే రెండూ ఊపిరాడక ఉంటాయి. చివర్లో బూట్‌లోడర్ (ఓఎస్‌ని మొదలుపెట్టే చిన్న ప్రోగ్రామ్) దగ్గర, తొలగించగల డ్రైవ్‌ల దారిలో కూడా ఒక కాపీ పెట్టాలా అని డెబియన్ అడిగితే, అవునని చెప్పండి. చవక టాబ్లెట్ల ఫర్మ్‌వేర్ కొన్నిసార్లు కొత్త బూట్ ఎంట్రీని పట్టించుకోదు, ఆ మామూలు దారిలో ఉన్న ఫైల్‌నే వెతుకుతుంది. చాలామంది "ఇన్‌స్టాల్ అయింది గానీ రీస్టార్ట్ చేస్తే నల్ల తెర" అనేది ఇందుకే.

ఇన్‌స్టాల్ అయ్యాక ఏం పనిచేస్తుంది, ఏం చేయదు? ఈ తరం మెషీన్లలో ఎక్కువగా ఉన్న వైఫై చిప్ రియల్‌టెక్ 8723బీఎస్. 2017లో 4.12 కెర్నల్‌లో దాని డ్రైవర్ చేరింది, ఇప్పుడు విడిగా ఏమీ వేయక్కర్లేదు. శబ్దం కూడా కొత్త కెర్నల్, లైనక్స్‌లో శబ్దం చూసుకునే ఆల్సా తాలూకు కొత్త సెట్టింగ్ ఫైళ్లు ఉంటే ఎక్కువగా వస్తుంది. పాత గైడ్‌లలో చెప్పే శబ్దం చిట్కాలు చాలావరకు ఇప్పుడు అనవసరం. దీనికి హాన్స్ డి గూడే అనే కెర్నల్ డెవలపర్‌కి మనం రుణపడి ఉన్నాం. ఇలాంటి చవక టాబ్లెట్ల టచ్, బ్యాటరీ, శబ్దం, తెర తిరిగే దిశ లాంటి చిక్కులని ఆయన ఏళ్ల తరబడి ఒక్కో మోడల్‌కి సరిచేసి కెర్నల్‌లో చేర్చారు. మీ మోడల్ ఆ జాబితాలో ఉంటే, ఫర్మ్‌వేర్ ఫైల్‌ని సరైన పేరుతో లిబ్ కింద ఫర్మ్‌వేర్‌లోని సైలీడ్ ఫోల్డర్‌లో పెట్టగానే టచ్ లేస్తుంది. గూడిక్స్ టచ్ చిప్ ఉంటే ఇంకా అదృష్టం, దానికి మామూలుగా ఈ ఫైల్ గొడవ ఉండదు.

కెమెరాని లెక్కలోంచి తీసేయండి. ఆ చిప్‌లోని కెమెరా భాగానికి ఉన్న డ్రైవర్ ఇంకా ఇంటి వాడకానికి నమ్మదగ్గ స్థితిలో లేదు. ఆన్‌లైన్ క్లాసుల్లో ముఖం చూపించాల్సి ఉంటే ఆ పని ల్యాప్‌టాప్‌కి ఇవ్వండి. నిద్రపుచ్చడం కూడా అంతంతమాత్రమే. పాత ల్యాప్‌టాప్‌లా పూర్తిగా పడుకునే పద్ధతి ఈ టాబ్లెట్లలో లేదు, రాత్రంతా వదిలేస్తే పొద్దునకి బ్యాటరీ బాగా దిగి ఉండొచ్చు. పిల్లలకి వాడటం అయ్యాక షట్‌డౌన్ చేయడం నేర్పండి.

ఇంకొకటి, బే ట్రెయిల్‌కి ఒక పేరుమోసిన రోగం ఉండేది: ఉన్నట్టుండి తెర బిగుసుకుపోవడం. ప్రాసెసర్ లోతుగా విశ్రాంతిలోకి వెళ్లే సీ-స్టేట్‌ల దగ్గర వచ్చే చిక్కు అది. కెర్నల్ బగ్ జాబితాలో 109051 నంబరు కింద ఏళ్ల తరబడి చర్చ నడిచింది. తర్వాతి కెర్నళ్లలో చాలా సర్దుబాట్లు చేశారు, కాబట్టి ముందు అలాగే వాడి చూడండి. బిగుసుకుపోతే మాత్రం గ్రబ్ అనే బూట్‌లోడర్‌లో కెర్నల్ వరుస చివర ఇంటెల్ ఐడిల్ మాక్స్ సీ-స్టేట్ విలువని 1 అని (intel_idle.max_cstate=1) పెట్టండి. ఫ్రీజ్‌లు ఆగుతాయి, బదులుగా బ్యాటరీ త్వరగా అయిపోతుంది. అవసరం లేకుండా ముందే పెట్టేయమని కొందరు చెప్తారు, అది నాకు నచ్చదు.

ఇదే పద్ధతి మరే ఆటమ్ టాబ్లెట్‌కైనా వర్తిస్తుందా అంటే, ఒక్క తరాన్ని మినహాయించాలి. 2012లో విండోస్ 8తో వచ్చిన జడ్2760 రకం. దాంట్లో ఇంటెల్ సొంత గ్రాఫిక్స్ లేవు, పవర్‌వీఆర్‌వి ఉన్నాయి. వాటికి లైనక్స్‌లో సరైన డ్రైవర్ లేదు, తెర కదలిక నత్తనడకే. ఎవరైనా ఊరికే ఇచ్చినా దానికి మీ సమయం పెట్టకండి.

ఆండ్రాయిడ్ టాబ్లెట్ సంగతి వేరే. ల్యాప్‌టాప్‌లో ఏ చిప్ ఎక్కడుందో మెషీనే ఓఎస్‌కి చెప్తుంది, ఒకే పెన్‌డ్రైవ్ వేల మోడళ్లలో నడిచేది అందుకే. ఆండ్రాయిడ్ టాబ్లెట్‌లోని ఆర్మ్ బోర్డు ఏమీ చెప్పదు. ఏ చిప్ ఏ తీగ మీద ఉందో రాసిన డివైస్ ట్రీ అనే ఫైల్ ప్రతి మోడల్‌కీ విడిగా కావాలి, దాన్ని ఎవరో ఒకరు కూర్చుని రాయాలి. పైగా బూట్‌లోడర్ తాళం తీయనివ్వాలి. 2017లో మొదలైన పోస్ట్‌మార్కెట్‌ఓఎస్ అనే ప్రాజెక్ట్ ఈ పనే చేస్తోంది. వాళ్ల పరికరాల జాబితాలో మీ సరిగ్గా అదే మోడల్ ఉండి, తెర, టచ్, వైఫై మూడింటి దగ్గరా పనిచేస్తుందని రాసి ఉంటేనే ముందుకెళ్లండి. దగ్గరి మోడల్ ఉందని ప్రయత్నిస్తే టాబ్లెట్ ఇటుకలా మిగిలిపోవచ్చు. లేకపోతే ఆండ్రాయిడ్‌నే ఉంచి, దానిమీద టెర్మక్స్ అనే టెర్మినల్ యాప్ వేసుకోండి. తాళం తీయకుండానే పైథాన్, గిట్, ఎడిటర్లు అన్నీ వస్తాయి. పిల్లలు కోడింగ్ నేర్చుకోడానికి అది చక్కగా సరిపోతుంది. ఆర్మ్ చిప్‌తో వచ్చిన విండోస్ ఆర్‌టీ టాబ్లెట్లు కూడా ఈ గుంపులోకే వస్తాయి. వాటిలో సెక్యూర్ బూట్‌ని (ఆమోదం లేని ఓఎస్‌ని అడ్డుకునే తాళాన్ని) ఆపే వీలే ఇవ్వలేదు.

ఇప్పుడు డిస్ట్రో. ల్యాప్‌టాప్‌కి లైనక్స్ మింట్ ఎక్స్ఎఫ్‌సీఈ వేయండి. (ఎక్స్ఎఫ్‌సీఈ, ఎల్ఎక్స్‌క్యూటీ, గ్నోమ్ అనేవి మెనూ, విండోలు చూపించే డెస్క్‌టాప్‌ల పేర్లు.) వాళ్లు కనీసం 2 జీబీ, హాయిగా వాడాలంటే 4 జీబీ ర్యామ్ అంటారు, నా అనుభవంలో అది నిజాయితీ గల లెక్క. విండోస్ నుంచి వచ్చేవాళ్లకి మెనూ, ప్యానెల్ అలవాటైనట్టే ఉంటాయి. టాబ్లెట్‌కి డెబియన్ మీద ఎల్ఎక్స్‌క్యూటీ లేదా ఎక్స్ఎఫ్‌సీఈ, కీబోర్డ్ తగిలించి వాడేట్టయితే. వేలితోనే వాడాలంటే గ్నోమ్ చాలా నయం. తెర మీది కీబోర్డ్ అందులోనే ఉంది, టాబ్లెట్ తిప్పితే తెర కూడా తిరుగుతుంది. కానీ 2 జీబీలో గ్నోమ్, బ్రౌజర్ రెండూ పెడితే ఇరుకు. నేనైతే మీ టాబ్లెట్‌ని కీబోర్డ్‌తో ఉన్న చిన్న ల్యాప్‌టాప్‌లా అనుకుని ఎల్ఎక్స్‌క్యూటీతో పోతాను, టచ్‌ని పీడీఎఫ్ పేజీలు జరపడానికి వచ్చిన అదనపు సౌకర్యంగా చూస్తాను.

రెండింట్లోనూ ఇన్‌స్టాల్ అయ్యాక నేను చేసే మొదటి పని జడ్‌ర్యామ్ పెట్టడం. ర్యామ్‌లోనే కొంత భాగాన్ని స్వాప్‌లా (ర్యామ్ చాలనప్పుడు వాడే అదనపు జాగాలా) వాడి, అందులోకి వెళ్లేదాన్ని కుదించి పెడుతుంది. మామూలు వాడకంలో రెండు మూడు రెట్లు కుదురుతుంది, 2 జీబీ మెషీన్‌లో ఆ తేడా స్పష్టంగా తెలుస్తుంది. పైగా ఈఎంఎంసీ మీద రాతలు తగ్గుతాయి. టాబ్లెట్‌లో అది అరిగితే మార్చే వీలు లేదు కదా. డెబియన్‌లో జడ్‌ర్యామ్ టూల్స్ అనే ప్యాకేజీ వేసి, సెట్టింగ్ ఫైల్‌లో ర్యామ్‌లో సగం అని రాస్తే సరి.

వీడియో పాఠాల దగ్గర చాలామంది నిరాశ పడతారు, దానికి కారణం చెప్పి తీరాలి. యూట్యూబ్ ఇప్పుడు ఎక్కువగా వీపీ9, ఏవీ1 అనే కుదింపు పద్ధతుల్లో వీడియో పంపుతుంది. మీ రెండు మెషీన్ల గ్రాఫిక్స్‌కి వాటిని విప్పే శక్తి లేదు, మొత్తం భారం ప్రాసెసర్ మీద పడి వీడియో ఆగి ఆగి నడుస్తుంది. పాత పద్ధతి అయిన హెచ్264ని మాత్రం రెండూ గ్రాఫిక్స్‌తోనే విప్పగలవు. అందుకని బ్రౌజర్‌లో హెచ్264ఇఫై అనే ఎక్స్‌టెన్షన్ వేయండి, పాత ఇంటెల్ గ్రాఫిక్స్‌తో వీడియో విప్పించే ఐ965 వీఏ డ్రైవర్ ప్యాకేజీ ఉందో లేదో చూసుకోండి. టాబ్లెట్‌లో వీడియో క్వాలిటీ 480 దగ్గర ఉంచండి, ఆ తెరకి అది సరిపోతుంది. ల్యాప్‌టాప్ 720ని ఇబ్బంది లేకుండా లాగుతుంది. పాఠాలు ముందే దించుకుని ఎంపీవీ ప్లేయర్‌లో చూస్తే ఇంకా తేలిక, బ్రౌజర్ భారమే ఉండదు.

మీరు వరుసగా చేయాల్సింది: ముందు ల్యాప్‌టాప్‌కి ఎస్ఎస్‌డీ వేసి మింట్ పెట్టండి, ఒక వారం పిల్లలతో వాడించండి. చేయి తిరిగాక టాబ్లెట్ పట్టుకోండి. ఈలోగా టాబ్లెట్ విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచి టచ్ చిప్ పేరు, వైఫై చిప్ పేరు రాసిపెట్టుకోండి, వెనక స్టిక్కర్ మీది మోడల్ నంబరు కూడా. ఆ మూడూ నాకు చెప్తే, ఫర్మ్‌వేర్ ఫైల్‌ని మీరు కాపీ చేసిన ఫోల్డర్‌లోంచి ఎలా బయటికి తీయాలో, ఏ పేరుతో పెట్టాలో మీ మోడల్‌కి తగ్గట్టు రాస్తాను. అంతవరకు టాబ్లెట్‌లోని విండోస్‌ని మాత్రం తీయకండి.